ఇల్లు అమ్మి సముద్రం పక్కకు వెళ్దామంటున్నారు, నాకేమో నోరు రావడం లేదు

చెన్నై అడయారు నుంచి ఒక పాఠకురాలు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 63. ఎయిడెడ్ స్కూల్లో ముప్పై ఏళ్లు తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. చేతిరాత ముత్యాల కోవ. తొమ్మిది పేజీల్లోనూ ఒకే ఒక్క కొట్టివేత ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

భర్తకు 68. బ్యాంకు మేనేజరుగా చేసి దిగిపోయారు. ఒక్కడే కొడుకు. పోర్చుగల్‌లోని లిస్బన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కాపురం మాత్రం అక్కడికి దాదాపు గంట దూరంలో ఉన్న ఎరిసెయిరా అనే సముద్రపు ఊళ్లో. 2024లోనూ, 2025లోనూ వేసవిలో భార్యాభర్తలిద్దరూ అక్కడికి వెళ్లి ఎనభై నాలుగేసి రోజులు ఉండి వచ్చారు.

ఆ ఊళ్లో ఆయన దినచర్యను ఈవిడ ఎంత శ్రద్ధగా రాశారంటే, చదువుతుంటే నాకు ఆ సందులు కళ్లకు కట్టాయి. ఉదయం ఆరున్నరకల్లా లేచి, తెల్ల గోడలకు నీలం అంచు వేసిన ఇళ్ల మధ్య, రాళ్లు పరిచిన వీధుల్లో నడిచేవారట. కొండ అంచున నిలబడి, కింద జాలర్ల రేవులో పడవలు ఒడ్డుకు లాగడం చూసేవారు. తర్వాత మూల మీది కాఫీ కొట్టు. అక్కడ ‘గలావ్’ అని పొడుగాటి గాజు గ్లాసులో పాల కాఫీ ఇస్తారు. రెండో వారం నుంచి ఈయన గడప తొక్కగానే, అడక్కుండానే ఆ గ్లాసు బల్ల మీదికి వచ్చేసేది. నలుగురు ముసలివాళ్లు ‘సువేకా’ అనే పేకాట ఆడుతుంటే ఈయనకు పక్కన ఒక కుర్చీ వేసేవారు. ఒకరి భాష ఒకరికి రాదు. వేళ్లతో లెక్కలు, తలూపడాలు, అంతే.

చెన్నైకి తిరిగొచ్చాక ఆయన రోజూ సాయంత్రం కాఫీ తాగి, ఫోన్‌లో ఆ ఊరి బీచ్ లైవ్ కెమెరా పెట్టుకుని అరగంట సేపు అలలు చూస్తున్నారు. నాలుగు నెలల కిందట ‘ఇక్కడ మనకేముంది, ఫ్లాటు అమ్మేసి అక్కడ చిన్నిల్లు కొనుక్కుని ఉండిపోదాం’ అన్నారు. ఈవిడ ‘ఊఁ’ అన్నారు. వచ్చే వారం బ్రోకరు పార్టీని తీసుకొస్తున్నాడు, అడ్వాన్సు ఇస్తారట.

ఇక ఈవిడ రోజులు. అక్కడ కొడుకూ కోడలూ పనిలో ఉంటారు. మధ్యాహ్నం భర్త నిద్రపోతారు. పన్నెండున్నర నుంచి ఆరింటి దాకా బాల్కనీలో ఈవిడ ఒక్కరే. ‘ఎనభై నాలుగు రోజుల్లో నేను తెలుగు మాట్లాడింది ముగ్గురితో’ అని రాశారు. పక్కింటి పెద్దావిడ గోడ మీంచి నిమ్మకాయలు అందించేదట, ఈవిడ ఆ నిమ్మకాయలతోనే పులిహోర కలిపి ఇచ్చేవారట. ఒకసారి గాలి జోరుగా వీస్తుంటే ఆవిడ ‘జనేలా, జనేలా’ అని అరిచింది. ఈవిడ ఆలోచించకుండానే వెళ్లి కిటికీ మూసేశారు. తమిళంలో జన్నల్ అంటే కిటికీయే కదా.

చెన్నైలో ఈవిడకు మేడ మీద సాయంత్రం బడి ఉంది. ఇంట్లో తెలుగు, బయట తమిళం, స్కూల్లో ఇంగ్లిష్ మాట్లాడే పదకొండు మంది పిల్లలకు తెలుగు రాయడం నేర్పుతారు. పెరంబూరులో అక్కగారున్నారు. 74 ఏళ్లు, పిల్లల్లేరు, మోకాళ్లు బాగా లేవు. ప్రతి మంగళవారం పప్పు, కూర చేసి తీసుకెళ్లి, సాయంత్రం దాకా ఉండి వస్తారు.

ఇంకో రెండు విషయాలు పక్కవాక్యాల్లా రాశారు. ఒకటి, ఎలియట్స్ బీచ్‌లో భర్తతో పాటు పొద్దున్నే నడిచే స్నేహితుల్లో ఒకాయన రెండేళ్ల కిందట పోయారు, ఇంకొకాయన కూతురి దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఈయన నడక మానేశారు. రెండు, ఫ్లాటు ఇద్దరి పేరా ఉంది.

‘నాది స్వార్థమా? ఆయన మనసు విరక్కుండా దీన్ని ఎలా ఆపను?’ అని అడిగారు.

టీచరు గారూ,

ఆ కొట్టివేత ఎనిమిదో పేజీలో ఉంది. మీరు మొదట ‘నాకు వెళ్లడం ఇష్టం లేదు’ అని రాశారు. దాన్ని కొట్టేసి, పైన ‘నాకు కొంచెం భయంగా ఉంది’ అని రాశారు. పిల్లల కాగితాలు వేలకొద్దీ దిద్దిన చేయి మీది, కొట్టేసిన మాట కూడా కనబడుతుందని మీకు తెలుసు. అందుకే నాకు రెండూ చెప్పారనే అనుకుంటున్నాను. ఇష్టం లేకపోవడం వేరు, భయం వేరు. భయానికైతే ధైర్యం చెప్పుకోవచ్చు, ఏర్పాట్లు చేసుకోవచ్చు. ఇష్టం లేనిదానికి ఏ ఏర్పాటూ సరిపోదు. మీలో ఏది ఎంత ఉందో మీకే తేలాలి. తేలేదాకా ఇల్లు అమ్మకూడదు. నేను ఖచ్చితంగా చెప్పగలిగేది ఇదొక్కటే. మిగతావన్నీ మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవలసినవి.

స్వార్థమా అంటే, కాదు. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి, ఇల్లు నడిపి, కొడుకుని పెంచి, ఇప్పుడు అక్కకు వండి పెడుతున్న మనిషి తన ముసలితనం ఎక్కడ గడవాలో తనకూ ఒక అభిప్రాయం ఉందంటే అది స్వార్థం అవదు.

మీ ఉత్తరంలో మూడు బాధలు పెనవేసుకుపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూద్దాం.

మొదటిది, మిమ్మల్ని అడగలేదన్న బాధ. ‘వెళ్దామా’ అని ఆయన అనలేదు, ‘ఉండిపోదాం’ అన్నారు. ఈ మాట మీరు మూడుచోట్ల రాశారు. నిజంగా నొచ్చుకోవలసిన విషయమే. కానీ ఒకటి అడుగుతాను. అదే రోజు ఆయన పక్కన కూర్చుని, ‘నీకెలా ఉంది అక్కడ? నీ మధ్యాహ్నాలు ఎలా గడిచాయి?’ అని అడిగి ఉంటే, మీ జవాబు ఇదే అయ్యేదా? మారి ఉండేదేమో అనిపిస్తే, మీ కోపం పోర్చుగల్ మీద కాదు. దాన్ని ఆయనతోనే తేల్చుకోవాలి. ఎక్కడ ఉండాలన్నది ఆ కోపంలో నిర్ణయిస్తే అక్కడున్నా, ఇక్కడున్నా అది మీ వెంటే ఉంటుంది.

రెండోది మీ అక్కగారు. ఇందులో గందరగోళం లేదు, బాధ్యత ఉంది. చెన్నై నుంచి లిస్బన్‌కి నేరుగా విమానం లేదు. దుబాయ్‌లోనో, యూరప్‌లో ఏదో ఒక ఊళ్లోనో మారాలి. కబురు తెలిసి, టికెట్ దొరికి, పెరంబూరు చేరేసరికి ఒకటిన్నర రోజు పడుతుంది. ఆవిడను ఎవరు చూస్తారన్న ప్రశ్నకు పేరుతో సహా జవాబు దొరక్కుండా మీరు ఎక్కడికి వెళ్లినా ప్రతి ఫోన్ మోతకీ గుండె జారుతుంది. మీవారు ఈ విషయం ఆలోచించలేదని నేననుకోను. ప్రతి మంగళవారం మీరే చూసుకుంటున్నారు కాబట్టి అది దానంతటదే జరిగిపోయే పనిలా ఆయనకు కనిపిస్తూ ఉండొచ్చు.

మూడోది మధ్యాహ్నాలు. నాకు అన్నిటికన్నా ఇదే ముఖ్యం అనిపించింది. మా పెద్దమ్మ పెదనాన్నగారు పోయాక నెల్లూరు నుంచి బెంగళూరులో కొడుకు దగ్గరికి వచ్చింది. కొడుకు బంగారం, కోడలు అంతకన్నా మంచిది. అయినా ఆవిడ రోజూ పొద్దున ఆరింటికి లిఫ్టు దిగి పాల కోసం కిందికి వెళ్లేది. మేము వద్దని గోల పెట్టేవాళ్లం. పాలు పోసే కుర్రాడిది కుప్పం వైపు ఊరు, తెలుగు మాట్లాడేవాడు. ‘ఏమ్మా, బాగుండారా’ అనేవాడు. ఆ రెండు మాటల కోసం వెళ్లేదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తర్వాత యాప్‌లో పాలు తెప్పించుకోవడం మొదలైంది, తలుపుకి సంచి వేలాడదీసి వెళ్లిపోతారు. పెద్దమ్మ కిందికి వెళ్లడం మానేసింది. ఆ నెలలోనే తిండి తగ్గిపోయింది. డాక్టర్లకు చూపించాం, టెస్టులన్నీ నార్మల్. అందుకే మీ బాల్కనీ గురించి చదివినప్పుడు అది చిన్న విషయంగా నాకు కనిపించలేదు.

ఇప్పుడు మీవారి వైపు నుంచి చూద్దాం. ఆయనకు అక్కడ దొరికిందేమిటి? సముద్రమైతే ఇక్కడ కూడా ఇంటికి పది నిమిషాల్లో ఉంది. ఆయనకు దొరికింది ఒక గ్లాసు, ఒక కుర్చీ. రోజూ ఫలానా టైముకి తన కోసం ఎదురుచూసే నలుగురు మనుషులు. ఎలియట్స్ బీచ్‌లో ఆయనకు అదంతా ఉండేది. ఒక స్నేహితుడు పోయాడు, ఒకడు వెళ్లిపోయాడు, నడక ఆగిపోయింది. మగవాళ్లు, ముఖ్యంగా ఆయన తరం వాళ్లు, ‘నాకు ఒంటరిగా ఉంది’ అని అనరు. ‘ఈ ఊళ్లో ఏముంది, ట్రాఫిక్, దుమ్ము’ అంటారు. ఫోన్‌లో ఆ అలలు చూస్తున్నప్పుడు ఆయన వెతుక్కుంటున్నది ఆ కుర్చీని అని నా నమ్మకం. కాబట్టి దయచేసి ఆయనతో ‘సముద్రం ఇక్కడా ఉంది కదా’ అనకండి. ఆ మాట ఆయన పోగొట్టుకున్నదాన్ని తీసిపారేసినట్టు వినబడుతుంది.

అంటే మీ ఇద్దరి బాధా ఒకటే. ఆయనకు ఇక్కడ మాట్లాడే మనుషులు లేరు, మీకు అక్కడ లేరు.

ఇక కాగితాల సంగతికి వస్తాను. మీవారు బ్యాంకు మనిషి, లెక్క చూపిస్తే వింటారు. ఆయన ప్లాన్‌లో నాకు కనిపించిన పెద్ద పొరపాటు, అక్కడ ఇల్లు కొంటే ఉండే హక్కు వచ్చేస్తుందనుకోవడం. రాదు. ఇల్లు కొన్నవాళ్లకు నివాసానుమతి ఇచ్చే గోల్డెన్ వీసా దారిని పోర్చుగల్ 2023లోనే మూసేసింది. ఇల్లు మీ పేర ఉన్నా, మామూలు షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే సందర్శకుల వీసా) మీద ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు.

రిటైరైనవాళ్లు స్థిరంగా ఉండాలంటే డీ7 అనే వీసా ఉంది. పెన్షను, అద్దె, వడ్డీ లాంటి నిలకడైన ఆదాయం చూపించాలి. దీనికి ఆ దేశపు కనీస వేతనమే కొలత. 2026లో అది నెలకు 920 యూరోలు. భార్యకు ఇంకో సగం. ఇద్దరికీ కలిపి 1,380 యూరోలు. యూరో వంద రూపాయలే అనుకున్నా నెలకు లక్షా ముప్పై ఎనిమిది వేలు. మీరు రాసిన లెక్క ప్రకారం ఆయన పెన్షన్ 58 వేలు, మీది 29 వేలు. రెండూ కలిపినా 87 వేలే. మీ ఫ్లాటుకు 45 వేలు అద్దె వస్తుందన్నారు. అది కలిస్తే 1,32,000. దాని మీద డిపాజిట్ల వడ్డీ కలిస్తేనే గీత దాటుతుంది. అంటే, ఆయన అక్కడ ఉండాలని కోరుకుంటున్నా సరే, అమ్మకూడనిది ఈ ఫ్లాటే. అమ్మి వచ్చిన మొత్తాన్ని ఆ ఊళ్లో ఇంటి మీద పెడితే నెలసరి ఆదాయం తగ్గిపోతుంది, చూపించడానికి గోడలు తప్ప మిగలవు. పైగా సర్ఫింగ్ పేరు వచ్చాక ఎరిసెయిరా ఖరీదైన ఊరైంది.

ఇంకో సంగతి. డీ7 మీద వెళ్లి, ఆర్నెల్లు ఇక్కడ, ఆర్నెల్లు అక్కడ ఉందామంటే కుదరదు. మొదటి అనుమతి రెండేళ్లకు ఇస్తారు. ఆ రెండేళ్లలో ఏకబిగిన ఆరు నెలలు కానీ, విడివిడిగా మొత్తం ఎనిమిది నెలలు కానీ దాటి దేశం బయట ఉంటే అనుమతి రద్దయ్యే ప్రమాదం ఉంది. మీ అక్కగారికి ఆపరేషన్ అయి మూడు నెలలు మంచాన పడ్డారనుకోండి, మీరు రోజులు లెక్కపెట్టుకుంటూ సేవ చేయాల్సి వస్తుంది. వలస చట్టాన్ని 2025లో కఠినం చేశారు కూడా. అందుకని ఏ నిర్ణయానికైనా ముందు ఢిల్లీలోని వాళ్ల ఎంబసీ సైట్లో అప్పటి నిబంధనలు చూసుకోండి.

పన్నుల మాట క్లుప్తంగా. ఏడాదిలో 183 రోజులు దాటి అక్కడ ఉంటే పన్ను విషయంలో అక్కడి మనుషులవుతారు. మన పెన్షన్, అద్దె కూడా అక్కడ చూపించాలి. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది కాబట్టి ఒకే ఆదాయానికి రెండుసార్లు కట్టకుండా వెసులుబాటు ఉంటుంది. కానీ విదేశీ పెన్షనర్లకు ఒకప్పుడు ఇచ్చిన పెద్ద రాయితీని 2024 నుంచి కొత్తవాళ్లకు ఆపేశారు. ఇక్కడేమో మీ సేవింగ్స్ ఖాతాలు విదేశాల్లో ఉండేవాళ్లకు ఇచ్చే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలుగా మారాలి, సీనియర్ సిటిజన్స్ పథకంలో కొత్తగా డబ్బు పెట్టడానికి ఎన్నారైలకు వీలుండదు. ఇవన్నీ మీవారికి నాకన్నా బాగా తెలుసు. రెండు దేశాల లెక్కలూ తెలిసిన ఆడిటర్ దగ్గర ఒక గంట కూర్చోమనండి.

వైద్యం గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, ఆయనకు స్టెంట్ వేసి నాలుగేళ్లయిందని. నివాసానుమతి ఉంటే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేసుకోవచ్చు, అది మంచి వ్యవస్థే. కానీ ఫ్యామిలీ డాక్టర్ కేటాయింపు లేకుండా ఎదురుచూస్తున్నవాళ్లు ఆ దేశంలో లక్షల్లో ఉన్నారు. పెద్దాసుపత్రికి ఆ ఊరి నుంచి కారులో వెళ్లాల్సిందే. ఇక్కడ మీరు కడుతున్న ఇన్సూరెన్స్ మామూలుగా అక్కడ పనిచేయదు, ఈ వయసులో అక్కడ కొత్త ప్రైవేటు పాలసీ దొరకడం కష్టం. రాత్రి రెండింటికి ఛాతీలో నొప్పి వస్తే 112కి ఫోన్ చేసి, ఎక్కడ, ఎలా ఉందో చెప్పగలగాలి. కొడుకు ఊళ్లో లేని రోజు ఆ ఫోన్ చేయాల్సింది మీరే.

కొడుకు అంటే గుర్తొచ్చింది. తొమ్మిది పేజీల్లో మీ అబ్బాయి, కోడలు ఏమనుకుంటున్నారో ఒక్క వాక్యం లేదు. వాళ్లను అడిగారా? మూడు నెలలు అమ్మానాన్నా వచ్చి ఉండడం వాళ్లకు పండగ. అదే ఊళ్లో శాశ్వతంగా ఉండడం వేరే ఏర్పాటు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రేపు ఆమ్‌స్టర్‌డామ్ అన్నా వెళ్లాలి, బెంగళూరు అన్నా రావాలి. అప్పుడు ఆ తెల్ల గోడల ఊళ్లో మీరిద్దరే మిగులుతారు. అబ్బాయితో మాట్లాడేటప్పుడు మీ తరఫున వాదించమని మాత్రం అడగకండి. వాణ్ణి తండ్రికి ఎదురు నిలబెట్టడం వాడికీ, మీకూ మంచిది కాదు. ‘పదేళ్లు అక్కడే ఉంటారా, మేము వస్తే మీకెలా ఉంటుంది’ అని సూటిగా, ఇద్దరినీ కలిపి అడగండి.

ఇక దారులు. నాకు అన్నిటికన్నా నచ్చింది, ఒక చలికాలం ఉండి చూడడం. మీరు రెండుసార్లూ వెళ్లింది వేసవిలో. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిది దాకా వెలుతురు. డిసెంబరులో పొద్దున ఏడున్నర దాటినా సూర్యుడు రాడు, సాయంత్రం ఐదుంపావుకల్లా వెళ్లిపోతాడు. ఆయన ఆరున్నర నడక చీకట్లోనే. వానలు ఆ నెలల్లోనే. చెన్నై మనుషులం మనకు వాన కొత్తేమీ కాదు, కానీ ఇది గాలితో, చలితో కలిసిన వాన. ఆ దేశంలో చాలా ఇళ్లకు హీటింగ్ ఏర్పాటు ఉండదు. బయటకన్నా గదిలోనే ఎక్కువ చలి అనిపిస్తుందని, గోడలకు బూజు పడుతుందని అక్కడ ఉన్నవాళ్లు చెప్పే మాట. లైవ్ కెమెరాలో చలికాలపు అలలు ఇంకా అందంగా ఉంటాయి. ఆ గదిలో తడిసిన చొక్కా మూడు రోజులైనా ఆరకపోవడం కెమెరాలో కనబడదు.

వీసా కూడా మీకు కలిసొస్తుంది. 2024 ఏప్రిల్ నుంచి మనవాళ్లకు షెంగెన్ నిబంధన ఒకటి సడలించారు. మూడేళ్లలో రెండు వీసాలు తీసుకుని పద్ధతిగా వాడుకున్నవాళ్లు రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసాకి అర్హులవుతారు, ఆ తర్వాత ఐదేళ్లది. మీరు రెండుసార్లు సక్రమంగా వెళ్లొచ్చారు కాబట్టి అడగవచ్చు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లండి. కొడుకింట్లో కాకుండా కనీసం ఒక నెల అద్దెకు విడిగా తీసుకుని ఉండండి. కూరగాయలు మీరే కొనుక్కోవాలి, గ్యాస్ మీరే చూసుకోవాలి, కందిపప్పు, చింతపండు కోసం బస్సెక్కి లిస్బన్‌లో మార్తీమ్ మునీజ్ అనే చోట ఉన్న మన సరుకుల కొట్లకు మీరే వెళ్లాలి. శాకాహారులకు ఆ ఊరి హోటళ్లలో దొరికేది తక్కువ, కూరగాయల సూప్ అని ఇచ్చిన దాంట్లోనూ సాసేజ్ ముక్క ఉండొచ్చు. అలా మూడు నెలలు గడిపాక కూడా మీవారికి ఆ కోరిక అలాగే ఉంటే అది నిజమైన కోరిక. గౌరవించాల్సిందే. మీకు కూడా తెలుస్తుంది, ఆ కొట్టేసిన వాక్యం ఉంచాలో, పైన రాసింది ఉంచాలో.

దీనికి ఖర్చుంది, ఒక ఏడాది ఆలస్యం కూడా ఉంది. ‘నాకు 68, ఇంకెప్పుడు’ అని ఆయన అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. కొట్టిపారేయకండి.

ఇంకో దారి, ఏటా రెండు విడతలుగా వెళ్లి రావడం. 90 రోజుల లెక్క దాటకుండా ఏడాదిలో ఐదున్నర నెలల దాకా అక్కడ గడపవచ్చు. ఫ్లాటు ఉంటుంది, అక్కగారిని వదిలినట్టు అవదు, పన్నుల తలనొప్పి పెద్దగా ఉండదు. నష్టం, ప్రయాణాల అలసట. స్టెంట్ వేసిన మనిషికి ఏడాదికి నాలుగు దూరపు విమానాలు. ఎన్నేళ్లు చేయగలరో డాక్టర్ని అడిగి చూసుకోవాలి.

మూడోది మన ఇళ్లలో ఎవరూ పైకి అనరు. ఆయన మూడు నెలలు వెళ్లడం, అందులో మొదటి నెలో, చివరి నెలో మాత్రమే మీరు వెళ్లడం. ‘ఈ వయసులో విడివిడిగా ఉంటున్నారట’ అని బంధువులు అంటారు, అననివ్వండి. నలభై ఏళ్లు కాపురం చేసినవాళ్లు రెండు నెలలు దూరంగా ఉంటే కొంపలు మునగవు. అయితే ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ఇది అలిగి తీసుకునే దారి కాకూడదు. ‘మీరెళ్లండి, నేను రాను’ అని విసురుగా అంటే ఆయన వెళ్లినా ఆ కాఫీ గొంతు దిగదు. మందులు, కొడుకు తోడు చూసుకుని, ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే ఇది పనికొస్తుంది.

పూర్తిగా వెళ్లిపోవడం కూడా తప్పు దారి కాదు. మీరు ఆ గోడ మీంచి పులిహోర ఇచ్చిన మనిషి. జనేలా అంటే అర్థమైన మనిషి. మన బొత్తాం, మేస్త్రి, ఇస్త్రీ వాళ్ల భాష నుంచి వచ్చినవే. ఇంట్లో బీరువా తాళానికి తమిళంలో సావి అంటాం, అది కూడా అక్కడిదే. మైలాపూరులో లజ్ చర్చి ముందు నుంచి మీరు ఎన్నిసార్లు వెళ్లుంటారో, దాన్ని 1516లో కట్టింది వాళ్లే. భాషా టీచరుకు ఆ భాష ఏడాదిలో పట్టుబడుతుంది. వలస వచ్చినవాళ్లకు ప్రభుత్వమే పోర్చుగీసు తరగతులు కూడా నడుపుతుంది. మీ పదకొండు మంది పిల్లలకు ఆన్‌లైన్‌లో చెప్పవచ్చు. అక్కడి గడియారం వేసవిలో నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర గంటలు వెనక కాబట్టి ఇక్కడి సాయంత్రం ఆరు మీకు అక్కడ మధ్యాహ్నం అవుతుంది. సరిగ్గా ఆ ఖాళీ బాల్కనీ సమయం. కానీ పలక మీద చేయి పట్టి దిద్దించడం ఫోన్‌లో రాదు, అది నాకు తెలుసు, మీకూ తెలుసు. ఈ దారిలో వెళ్తే ఫ్లాటు అద్దెకిచ్చి వెళ్లండి, అక్కగారికి మనిషిని కుదిర్చి వెళ్లండి, కనీసం రెండేళ్లు అమ్మకం మాట ఎత్తకుండా వెళ్లండి.

మీరు అసలు వెళ్లకూడదనే అనుకుంటే, అప్పుడు మీకొక బాధ్యత ఉంది. ఆయన పోగొట్టుకున్న కుర్చీని ఇక్కడ వెతకడంలో తోడు నిలబడాలి. పొద్దున్నే మీరిద్దరూ కలిసి ఎలియట్స్ బీచ్‌కి వెళ్లండి, ష్మిట్ స్మారకం దగ్గర కాసేపు కూర్చోండి. ఉత్తరం వైపు ఊరూర్ ఆల్కాట్ కుప్పంలో ఇక్కడా పడవలు ఒడ్డుకు లాగుతారు, అవి ఆయన ఎప్పుడైనా నిలబడి చూశారో లేదో. హైదరాబాద్ వెళ్లిన స్నేహితుణ్ణి పది రోజులు వచ్చి ఉండమని మీరే ఫోన్ చేయండి. ఇవి చేస్తే ఆయన ఆ ఊరిని మర్చిపోతారని నేను అనను. మర్చిపోకపోవచ్చు. కానీ ఆయనకు బాధ ఉందని మీరు గుర్తించినట్టు ఆయనకు తెలుస్తుంది.

మాట ఎలా మొదలుపెట్టాలన్నది మీ అసలు భయం. నాలుగు నెలల కిందటి ఆ ‘ఊఁ’ దగ్గరే మొదలుపెట్టండి. ‘ఆ రోజు నేను ఊఁ అన్నాను. వింటున్నానని అన్నాను, సరేనని అనలేదు. అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు, అది నా తప్పు. ఇప్పుడు చెప్తాను, అడ్డు రాకుండా వినండి.’ అని, బాల్కనీ గురించి చెప్పండి. పోర్చుగల్ బాగోలేదని చెప్పకండి, మీరు ఆ మధ్యాహ్నాల్లో ఏం చేసేవారో చెప్పండి. ఎన్నిసార్లు గడియారం చూసుకునేవారో చెప్పండి. నాకు రాసినంత వివరంగా ఆయనకు చెప్పండి. ఆ తర్వాత ఆయన్ని అడగండి, ఆ కాఫీ కొట్లో కూర్చున్నప్పుడు ఎవరు గుర్తొచ్చేవారని. పోయిన స్నేహితుడి పేరు ఆయన నోటి నుంచి వస్తే, తొందరపడి ఓదార్చకండి, మాట్లాడనివ్వండి.

ఆయనకు కోపం రావచ్చు. ‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు’ అంటారు. అనే హక్కు ఆయనకుంది. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. ఆ రెండు రోజులు భరించలేక ‘సర్లెండి, మీ ఇష్టం’ అని మాత్రం అనేయకండి.

ఫ్లాటు ఇద్దరి పేరా ఉంది కాబట్టి మీ సంతకం లేకుండా అది మొత్తంగా అమ్ముడుపోదు. దాన్ని బెదిరింపులా వాడొద్దు. కానీ మాట్లాడుకునేలోపు అగ్రిమెంటు మీద, అడ్వాన్సు రసీదు మీద, పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టకండి. ఒకసారి సంతకం పడి డబ్బు చేతులు మారితే వెనక్కి రావడం కోర్టుల దాకా వెళ్లొచ్చు.

బ్రోకరు వచ్చేది వచ్చే వారం అన్నారు. ఈ శనివారం మేడ మీద పిల్లలు వెళ్లిపోయాక, కిందికి దిగకుండా ఆయన్నే పైకి రమ్మని పిలవండి. రెండు కుర్చీలు వేయండి. మాటలు అయ్యాక, బ్రోకరుకు ఫోన్ చేసి ఇంకొన్నాళ్లు ఆగమని చెప్పే పని ఆయన్నే చేయమనండి.